కనుక్కున్నది ఎవరు? ఒక బిలం, రెండు ఓడలు

తెలుగులో "కనుక్కోవడం" అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, కనబడని దాన్ని వెతికి పట్టుకోవడం. రెండోది, ఎవరినైనా అడిగి తెలుసుకోవడం. "బస్సు ఎన్నింటికో కనుక్కో" అని మా అమ్మ అంటే బస్సుని వెతకమని కాదు, ఎవరినైనా అడగమని. మా అవ్వది కోవెలకుంట్ల వైపు. ఆమె నోట ఇదే మాట "పోయి కనుక్కోని రాపో" అని వస్తుంది. ఇంగ్లీషులో ఈ రెండు పనులకీ వేరు వేరు మాటలు కావాలి. మనకి ఒకటే చాలు.

పాఠ్యపుస్తకాల్లో ఇంకో మాట కూడా ఉంటుంది, "కనిపెట్టడం". కొలంబస్ అమెరికాని కనిపెట్టాడు అంటారు. కానీ ఇంట్లో "పాలు పొంగుతాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటే పక్కనే ఉండి చూస్తూ ఉండు అని. నాలాగా పెద్దయ్యాక చదవడం నేర్చుకున్నవాళ్ళు ఈ రెండు మాటల్నీ ఒకసారి పక్కపక్కన రాసుకుని చూడండి. రెండింటిలోనూ "కను" ఉంది, అంటే చూడు.

కొంతకాలంగా నేను గుహల గురించీ, ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రపు దారుల గురించీ చదువుతున్నాను. ఇలాంటి చరిత్రలో ఒకే రకం వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తుంది: ఫలానా సంవత్సరంలో ఫలానా దొర దీన్ని కనుక్కున్నాడు. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు రెండో అర్థం గుర్తుకొస్తుంది. ఎవరిని అడిగి కనుక్కున్నాడు?

ముందు మనవైపు కథ. పాత కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లా అంటున్నారు, కొలిమిగుండ్ల దగ్గర బెలుం అనే ఊరుంది. అక్కడ చదునైన నేలలో బావుల్లాంటి మూడు గోతులు. మధ్య గోతిలోంచి దిగితే కింద నల్ల సున్నపురాయిలో నీళ్ళు చెక్కిన దారులు మొదలవుతాయి. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. మైదాన ప్రాంతంలో దేశంలోకెల్లా పొడవైన గుహగా దీనికి పేరు. "బెలుం" అనే పేరు "బిలం" నుంచే వచ్చిందంటారు. బిలం అంటే నేలలోని రంధ్రం, గుహ. రాయలసీమలో గుహని "గవి" అని కూడా అంటారు. నాకు ఆ మాటే ఇష్టం.

బెలుం గురించి ఎక్కడ చదివినా రెండు పేర్లు వస్తాయి. మొదటిది రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన భారత భూగర్భ సర్వే ఉద్యోగి. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టుని గుర్తుపట్టింది ఈయనే. 1880లలో ఆయనా, ఆయన కొడుకూ బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో తవ్వి ఎన్నో జంతువుల ఎముకలు బయటికి తీశారు. ఆ కాలంలోనే, 1884లో, బెలుం సంగతి కూడా రాశారు. తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో డేనియల్ గెబాయర్ అనే జర్మన్, తన బృందంతో వచ్చి లోపలికి దిగి, కొలిచి, పటం గీశారు. 2002లో గుహని జనం చూడడానికి తెరిచారు.

జర్మన్లు వచ్చిన సంగతి తెలుసా అని ఫోన్‌లో అవ్వని అడిగాను. తెలియదంది. మరి బిలం సంగతి తెలుసా అంటే నవ్వింది. "తెలీకేం నాయనా, గొడ్లు కాసేటోళ్ళందరికీ తెలుసు. లోపలికి పోతే మా నాయిన తోలు తీసేటోడు." జైన, బౌద్ధ సన్యాసులు అక్కడ ఉండేవారని కూడా చెబుతారు. అంటే ఆ గుహని ఎవరూ పోగొట్టుకోలేదు. కింద ఎంత దూరం పోతుందో తెలియదు, అంతే. చదునైన నేలలో మూడు గోతులు ఎక్కడున్నాయో ఫుట్‌కి కలలో కనబడి ఉండదు కదా. ఎవరినో అడిగే ఉంటాడు. ఆ మనిషి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

బొర్రా గుహల దగ్గర ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. అరకు దారిలో ఉన్న ఈ గుహలని 1807లో భూగర్భ సర్వేకి చెందిన విలియం కింగ్ జార్జ్ కనుక్కున్నాడని ఎన్నో చోట్ల రాశారు. కానీ ఆ సర్వేని స్థాపించింది 1851లో. పుట్టని సంస్థలో ఉద్యోగి ఎక్కడి నుంచి వచ్చాడు? ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. అక్కడి గిరిజనులు చెప్పుకునే కథ వేరు. ఒక ఆవు పైనున్న రంధ్రంలోంచి లోపలికి పడిపోయిందట. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన పశువుల కాపరికి లోపల శివలింగంలాంటి రాయి కనబడిందట. గోస్తనీ నది అక్కడ పుడుతుంది. ఆ పేరులో కూడా ఆవు ఉంది. కథలో తేదీ లేదు. కానీ పైకప్పులో రంధ్రం ఉంది, కింద రాయి ఉంది, నది ఉంది. తేదీ ఉన్న వాక్యం కన్నా తేదీ లేని కథే గుహకి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

దీనివల్ల ఫుట్ మీదా, గెబాయర్ మీదా నాకేమీ కోపం లేదు. 3,229 అనే అంకె నోటి మాటతో రాదు. దీపం, టేపు పట్టుకుని బురదలో పాకినవాళ్ళ వల్ల వస్తుంది. అది పెద్ద పని. నేను అడిగేది ఆ వాక్యంలో కనబడని మనిషి గురించి. బెలుంలో ఆ మనిషి మాట వినకపోయినా గుహ ఎక్కడికీ పోదు. కానీ అలాంటి మనుషుల మాట నమ్మకపోవడం వల్ల 160 ఏళ్ళు తప్పిపోయిన ఓడలు రెండున్నాయి. వాటి ప్రయాణం నేను పెరిగిన ఊరికి దగ్గర్లోనే మొదలైంది.

మాది కెంట్. థేమ్స్ నది ఒడ్డున గ్రీన్‌హైత్ అనే చిన్న ఊరుంది. ఇప్పుడు దాని పక్కన, సుద్దరాయి తవ్విన పెద్ద గోతిలో కట్టిన షాపింగ్ సెంటర్ కోసమే జనం వస్తారు. 1845 మే 19న ఆ ఊరి రేవు నుంచి ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలు బయలుదేరాయి. నాయకుడు సర్ జాన్ ఫ్రాంక్లిన్, వయసు 59. వాళ్ళు వెతుకుతున్నది "వాయవ్య మార్గం". అంటే అట్లాంటిక్ నుంచి కెనడా పైభాగంలోని దీవుల మధ్యగా పసిఫిక్ సముద్రానికి వెళ్ళే దారి. (వాయవ్యం అంటే ఉత్తరానికీ పడమరకీ మధ్య మూల. మా ఇంట్లో ఈ మాట వాస్తు గురించి వాదించుకునేటప్పుడే వినబడేది. ఇంత చలి ప్రదేశానికి పనికొస్తుందని అనుకోలేదు.)

ఆ దారి కోసం ఇంగ్లండ్ అప్పటికి మూడు వందల ఏళ్ళుగా వెతుకుతోంది. కాబట్టి ఈసారి ఏ లోటూ లేకుండా పంపించారు. మూడేళ్ళకి సరిపడా తిండి, దాదాపు 8,000 డబ్బాల్లో వండి మూసిన మాంసం, కూరలు. ఓడల్లో ఆవిరి ఇంజన్లు. వెయ్యికి పైగా పుస్తకాలు. అధికారులకి వెండి చెంచాలు, ఫోర్కులు. దారిలో అయిదుగురిని వెనక్కి పంపించగా 129 మంది మిగిలారు. 1845 జులై చివర్లో తిమింగలాల వేటగాళ్ళు ఆ ఓడలని చూశారు. ఆ తర్వాత ఏ తెల్లవాడూ వాళ్ళని ప్రాణాలతో చూడలేదు.

మూడేళ్ళు గడిచాక వెతకడం మొదలుపెట్టారు. ఫ్రాంక్లిన్ భార్య జేన్ ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది, సొంత డబ్బు పెట్టి ఓడలు పంపించింది. ప్రభుత్వం 20,000 పౌన్ల బహుమతి ప్రకటించింది. 1850లో బీచీ దీవి మీద మూడు సమాధులు దొరికాయి, ఫ్రాంక్లిన్ మనుషులు ముగ్గురివి. అక్కడి నుంచి ఓడలు ఎటు పోయాయో చెప్పే ఒక్క కాగితం ముక్క కూడా లేదు. ఓడల మీద ఓడలు వెళ్ళాయి, ఉత్తరానికీ, పడమరకీ. వెళ్ళవలసిన చోటికి తప్ప అన్ని చోట్లకీ వెళ్ళాయి.

జవాబు తెచ్చినవాడు వాళ్ళని వెతకడానికి వెళ్ళినవాడు కాదు. జాన్ రే అనే డాక్టరు, స్కాట్లండ్ పైనున్న ఆర్క్నీ దీవులవాడు, హడ్సన్స్ బే కంపెనీలో పని. 1854లో ఆయన వెళ్ళింది తీరం పటం పూర్తి చేయడానికి. రే పద్ధతి వేరు. పెద్ద ఓడ ఉండదు, కొద్దిమంది మనుషులు. తిండి దారిలోనే వేటాడి సంపాదించుకోవడం. ఇన్యూట్ ప్రజల దగ్గర మంచు ఇల్లు కట్టడం నేర్చుకున్నాడు, మంచు మీద బండి లాగడం నేర్చుకున్నాడు. ఆయన నడక చూసి వాళ్ళు "అగ్లూకా" అని పేరు పెట్టారు, పెద్ద అంగలు వేసేవాడు అని.

(ఇక్కడ ఒక మాట. తెలుగులో "మంచు" అంటే పొద్దున్నే గడ్డి మీద పడేదీ మంచే, రోడ్డు కనబడకుండా కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ, సముద్రం గడ్డకట్టినదీ మంచే. అందుకని సముద్రం గడ్డకట్టినప్పుడు నేను మంచుగడ్డ అని రాస్తున్నాను.)

పెల్లీ అఖాతం దగ్గర రేకి కొందరు ఇన్యూట్ ఎదురయ్యారు. ఒకతని తల మీద బంగారు రంగు అంచున్న టోపీ పట్టీ ఉంది. ఎక్కడిదని రే అడిగాడు. కనుక్కున్నాడు, రెండు అర్థాల్లోనూ. పడమరగా చాలా దూరంలో, కొన్నేళ్ళ కింద, తెల్లవాళ్ళు ఆకలితో చనిపోయారని చెప్పారు. ముప్ఫై అయిదు, నలభై మంది ఒక పడవని లాక్కుంటూ దక్షిణంగా నడిచారట. తర్వాత శవాలు కనబడ్డాయట. చెప్పినవాళ్ళు స్వయంగా చూడలేదు, చూసినవాళ్ళ దగ్గర విన్నారు. వాళ్ళ దగ్గర రే వెండి చెంచాలు, ఫోర్కులు కొన్నాడు. వాటి మీద ఫ్రాంక్లిన్ అధికారుల గుర్తులున్నాయి. ఫ్రాంక్లిన్ పతకం కూడా ఒకటి దొరికింది.

ఇన్యూట్ ఇంకో సంగతి కూడా చెప్పారు. చివర్లో ఆకలికి తట్టుకోలేక ఆ మనుషులు చచ్చిపోయినవాళ్ళ మాంసం తిన్నారని, శవాల మీదా, కుండల్లోనూ ఆ గుర్తులు కనబడ్డాయని. రే అది కూడా తన నివేదికలో రాశాడు. 1854 అక్టోబరులో అది టైమ్స్ పత్రికలో అచ్చయింది.

లండన్ ఒప్పుకోలేదు. జేన్ ఫ్రాంక్లిన్ ఒప్పుకోలేదు. ఆమె దుఃఖం నాకు అర్థమవుతుంది. కానీ చార్లెస్ డికెన్స్ రాసినది చదివితే ఇప్పటికీ బాధేస్తుంది. తన పత్రికలో ఆయన పెద్ద వ్యాసాలు రాశాడు. ఇంగ్లీషు నావికులు అలా చేయరు అన్నాడు. అనాగరికుల మాటకి విలువ ఏముంది అన్నాడు. అంతటితో ఆగకుండా, వాళ్ళే మనవాళ్ళని చంపి ఉండవచ్చు కదా అని కూడా రాశాడు. రే జవాబు రాస్తే దాన్ని కూడా అచ్చు వేశాడు, ఆ మాట చెప్పాలి. నాకు తెలిసిన ఇన్యూట్ అబద్ధాలు చెప్పేవాళ్ళు కాదని రే వాదించాడు. ఎవరూ వినలేదు. బహుమతిలో 10,000 పౌన్లు రేకీ ఆయన మనుషులకీ ఇచ్చారు. కానీ ఆయన తరం ధ్రువ యాత్రికులకి వచ్చిన "సర్" బిరుదు ఆయనకి రాలేదు.

1859లో జేన్ పంపించిన మెక్లింటాక్ బృందానికి కింగ్ విలియం దీవి మీద, రాళ్ళ కుప్పలో, డబ్బాలో పెట్టిన ఒక కాగితం దొరికింది. ఫ్రాంక్లిన్ యాత్ర గురించి ఆ మనుషులు స్వయంగా రాసినదాంట్లో ముఖ్యమైనది ఇదొక్కటే. మొదట 1847 మేలో రాసినది: అందరం బాగున్నాం. అదే కాగితం అంచుల మీద, 1848 ఏప్రిల్ 25న, ఇంకో చేతిరాత. 1846 సెప్టెంబరు 12 నుంచి ఓడలు మంచుగడ్డల్లో ఇరుక్కున్నాయి. ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న చనిపోయాడు. ఇప్పటికి 24 మంది పోయారు. మిగిలిన 105 మంది ఓడలు వదిలేసి దక్షిణాన ఉన్న నది వైపు నడవబోతున్నారు. తేదీలన్నీ ఉన్నాయి. కానీ నడిచినవాళ్ళు ఏమయ్యారు, వదిలేసిన ఓడలు ఎక్కడికి పోయాయి, ఈ రెండూ కాగితంలో లేవు. అవి ఇన్యూట్ దగ్గర ఉన్నాయి. ఒక ఓడ మునిగిపోయిందని, ఇంకొకటి దక్షిణాన ఉత్జులిక్ అనే చోటికి కొట్టుకొచ్చిందని మెక్లింటాక్‌కే చెప్పారు.

ఓడలు ఎందుకు ఇరుక్కున్నాయో తెలుసుకోవడానికి పటం చూడాలి. ఫ్రాంక్లిన్ దగ్గరున్న పటంలో కింగ్ విలియం దీవి దీవి కాదు, తూర్పున నేలతో కలిసిపోయినట్టు గీశారు. కాబట్టి ఆయన పడమటి వైపు నుంచి వెళ్ళాడు. ఉత్తరం నుంచి ఏళ్ళ తరబడి గట్టిపడ్డ మంచుగడ్డలు వచ్చి గుద్దుకునేది సరిగ్గా అక్కడే. తూర్పు వైపు సన్నటి నీటి దారి ఉందని, అక్కడ మంచుగడ్డ పలచగా ఉంటుందని 1854లో పటంలోకి ఎక్కించింది జాన్ రే. దాన్ని ఇప్పుడు రే జలసంధి అంటారు. లండన్‌వాళ్ళు మనుషుల్ని తిన్న కథ మీద కొట్టుకుంటూ ఉండగా, దారి ఆ నివేదిక పక్కనే పడి ఉంది.

దాన్ని అందుకున్నది నార్వేవాడు రోల్డ్ అముండ్సెన్. 1903 జూన్‌లో, అప్పులవాళ్ళకి దొరక్కుండా అర్ధరాత్రి బయలుదేరాడు. యోవా అనే పాత చేపల పడవ, 47 టన్నులు, తనతో కలిపి ఏడుగురు. కింగ్ విలియం దీవికి తూర్పు వైపు నుంచి వచ్చి, దక్షిణ తీరంలో ఒక చిన్న రేవులో ఆగాడు. అయస్కాంత ధ్రువం కొలతలు తీసుకోవడానికి అక్కడే రెండు చలికాలాలు ఉన్నాడు. అక్కడ నెత్సిలిక్ ఇన్యూట్ దగ్గర చర్మపు బట్టలు ఎలా వేసుకోవాలో, కుక్కలతో బండి ఎలా నడపాలో, మంచు ఇల్లు ఎలా కట్టాలో నేర్చుకున్నాడు. 1905 ఆగస్టులో పడమటి నుంచి వస్తున్న అమెరికా తిమింగలాల ఓడ ఎదురైంది. దారి కలిసిపోయింది. ఆ కబురు చెప్పడానికి టెలిగ్రాఫ్ ఉన్న అలాస్కా ఊరికి మంచు మీద సుమారు 800 కిలోమీటర్లు వెళ్ళాడు! ఆ రేవుని ఇప్పుడు యోవా హేవెన్ అంటారు. దాని పాత పేరు ఉక్సుక్తూక్, అంటే కొవ్వు పుష్కలంగా ఉన్న చోటు. చలికాలంలో ఏడుగురిని బతికించిన చోటుకి తగిన పేరు.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి చెప్పాలి. "ఫ్రాంక్లిన్ మనుషులు ఇన్యూట్‌ని అడిగి ఉంటే బతికేవాళ్ళు" అని చాలామంది సులువుగా అంటారు. నాకు అంత నమ్మకం లేదు. ఎందుకంటే వాళ్ళు అడిగారు. 1860లలో చార్లెస్ హాల్ అనే అమెరికన్, ఇపిర్విక్, తక్వులిత్తుక్ అనే ఇన్యూట్ దంపతుల సాయంతో, పాత సంగతులు గుర్తున్నవాళ్ళని వెతికి వెతికి మాట్లాడాడు. నాలుగు ఇన్యూట్ కుటుంబాలు దక్షిణ తీరంలో నడిచి వస్తున్న తెల్లవాళ్ళని కలిశాయని ఆయనకి తెలిసింది. వాళ్ళు బక్కచిక్కి ఉన్నారు. నోటి వైపు చేయి చూపించి సైగలతో తిండి అడిగారు. ఇన్యూట్ కొంచెం సీల్ మాంసం ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆ కుటుంబాలు సామాను సర్దుకుని వెళ్ళిపోయాయి, వెనక నుంచి పిలుస్తున్నా ఆగకుండా. ఇది విని హాల్‌కి వాళ్ళ మీద చాలా కోపం వచ్చింది. కానీ లెక్క వేసి చూడండి. నాలుగు కుటుంబాలు, పిల్లలతో సహా. ఆకలితో ఉన్న మగవాళ్ళు ఒక గుంపు, వాళ్ళ చేతుల్లో తుపాకులు. ఆ పడమటి తీరంలో వేట అసలే తక్కువ. ఏడుగురికి నేర్పగలిగిన చదువు నూట అయిదుగురి కడుపు నింపదు. హాల్ చోటులో నేనుంటే కోపం వచ్చేదేమో. ఆ తల్లుల చోటులో ఉంటే నేనూ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

హాల్‌కి అంతకు ముందే ఇంకో ఆశ్చర్యం ఎదురైంది. 1861లో బాఫిన్ దీవిలో ఒక ముసలామె, చాలా కాలం కింద తెల్లవాళ్ళు మూడేళ్ళు వరుసగా ఓడల్లో వచ్చారని, అయిదుగురు ఇక్కడే ఉండిపోయారని చెప్పింది. అది మార్టిన్ ఫ్రోబిషర్ కథ. ఆయన వచ్చింది 1576, 77, 78లలో. బంగారం అనుకుని వెయ్యి టన్నులకు పైగా పనికిరాని రాయి ఇంగ్లండ్‌కి మోసుకెళ్ళినవాడు. మొదటి ప్రయాణంలో నిజంగానే అయిదుగురు నావికులు తప్పిపోయారు. ఆమె చెప్పిన దీవిలో వెతికితే పాత వస్తువులు దొరికాయి. దాదాపు 285 ఏళ్ళు, రాత లేకుండా, ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి. ఇంగ్లండ్‌లో ఆ చోటు ఎక్కడో మరిచిపోయారు, రాత ఉండి కూడా.

అన్ని మాటలూ అంత సరిగ్గా కుదరలేదు. అదీ చెప్పాలి. ఏ ఓడ ఏదో ఇన్యూట్‌కి తెలియదు. ఒక ఓడని మంచుగడ్డలు నలిపేశాయని కొందరన్నారు. కానీ దొరికినప్పుడు రెండు ఓడలూ చాలావరకు గట్టిగానే ఉన్నాయి. నోటి మాటల్లో తేదీలు కలిసిపోతాయి, మనుషులు కలిసిపోతారు. చోటు మాత్రం నిలబడుతుంది. 1879లో పుహ్తూరాక్ అనే పెద్దాయన, ఉత్జులిక్ దగ్గర తను చూసిన ఓడ గురించి ష్వాట్కా అనే ఇంకో అమెరికన్‌కి చెప్పాడు. లోపలికి దారి తెలియక పక్కన రంధ్రం చేశారట. నీళ్ళు వచ్చి ఓడ మునిగిందట. తెరచాప కొయ్యలు మాత్రం పైకి కనబడుతూ ఉన్నాయట.

ఈ మాటలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. 1991లో డేవిడ్ వుడ్‌మన్ వాటిని ఒక్కచోట చేర్చి, వీటిని సాక్ష్యంగా చదవండి అని పుస్తకం రాశాడు. యోవా హేవెన్‌లో లూయీ కమూకాక్ అనే టీచరు, పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడిగి అడిగి రాసుకున్నాడు. చిన్నప్పుడు ఆయన ముత్తవ్వ హుమ్మాహుక్, తన చిన్నతనంలో తీరంలో చూసిన చెంచాల గురించీ, కత్తి గురించీ చెప్పేదట. తర్వాత బడిలో ఫ్రాంక్లిన్ పాఠం విన్నప్పుడు, ముత్తవ్వ చెప్పిన చెంచాలు ఎవరివో ఆ పిల్లాడికి తట్టింది.

2014లో కెనడా ప్రభుత్వం తరఫున పార్క్స్ కెనడా వాళ్ళ వెతుకులాట ఆరేళ్ళకి పైగా సాగుతోంది. ఆ ఏడాది ఉత్తరాన వెతకాలనుకున్నారు. మంచుగడ్డలు దారి ఇవ్వలేదు. దక్షిణానికి, ఉత్జులిక్ వైపుకి తిరిగారు. అక్కడ ఒక చిన్న దీవి మీద హెలికాప్టర్ పైలట్‌కి ఓడకి చెందిన ఇనప ముక్క కనబడింది. మర్నాడో ఆ మర్నాడో సోనార్ తెర మీద ఎరెబస్ కనబడింది. లోతు 11 మీటర్లే. పుహ్తూరాక్ చెప్పిన ప్రాంతం.

రెండేళ్ళ తర్వాత, 2016 సెప్టెంబరులో, ఇంకో బృందం ఓడలో యోవా హేవెన్ వాసి సామీ కోగ్విక్ పనిలో చేరాడు. కొన్నేళ్ళ కింద చేపలకి వెళ్ళినప్పుడు ఒక అఖాతంలో మంచుగడ్డలోంచి కొయ్య ఒకటి పైకి పొడుచుకుని కనబడిందని, ఫొటో తీశానని, కెమెరా ఎక్కడో పడిపోయిందని చెప్పాడు. కెమెరా పోయిందంటే ఎవరు నమ్ముతారని ఎవరికీ చెప్పలేదట. ఈసారి ఓడలోవాళ్ళు విన్నారు. దారి మార్చుకుని ఆ అఖాతంలోకి వెళ్ళారు. టెర్రర్ అక్కడే, 24 మీటర్ల లోతులో, నిలబెట్టినట్టుగా ఉంది. ఆ అఖాతం పేరు ఎప్పటి నుంచో టెర్రర్ బే. పటం మీద రాసి ఉన్నా ఎవరూ చూడలేదు!

మనుషుల్ని తిన్న కథ కూడా తేలిపోయింది. 1990లలో కింగ్ విలియం దీవి మీద దొరికిన ఎముకల మీద కత్తి గాట్లు చూశారు. 2024లో అలాంటి గాట్లున్న ఒక దవడ ఎముక ఎరెబస్ కెప్టెన్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్‌దని డీఎన్ఏ పరీక్షలో తెలిసింది. 1848 కాగితం అంచుల మీద రాసిన చేయి ఆయనదే. 170 ఏళ్ళ తర్వాత ఇన్యూట్ అబద్ధం చెప్పలేదని తేలింది. జాన్ రే పేరున వెస్ట్‌మినిస్టర్ ఆబీలో 2014లో రాయి వేశారు. ఫ్రాంక్లిన్ విగ్రహం లండన్‌లో వాటర్లూ ప్లేస్‌లో 1866 నుంచీ ఉంది. వాయవ్య మార్గం కనుక్కోవడం పూర్తి చేసింది ఆయనా, ఆయన మనుషులూ అని దాని కింద ఇప్పటికీ ఉంది.

ఈ రోజుల్లో ఆ దారి మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. వేసవిలో మంచుగడ్డలు తగ్గాయి. 2016లో వెయ్యికి పైగా ప్రయాణికులతో ఒక విలాస నౌక అలాస్కా నుంచి న్యూయార్క్‌కి ఈ దారినే వచ్చింది. ఇప్పుడు గొడవ దారి ఎవరిది అని. ఇవి మా లోపలి జలాలు అంటుంది కెనడా. కాదు, అన్ని దేశాల ఓడలూ వెళ్ళే జలసంధి అంటుంది అమెరికా. 1985లో కెనడా తన హక్కుని పార్లమెంటులో చెప్పినప్పుడు చూపించిన ముఖ్యమైన కారణం ఏమిటంటే, ఇన్యూట్ అనాదిగా ఈ మంచుగడ్డల మీద బతుకుతున్నారు, వేటాడుతున్నారు, తిరుగుతున్నారు అని. 1854లో ఎవరి మాట చెల్లదన్నారో వాళ్ళ బతుకే ఇప్పుడు దేశానికి సాక్ష్యం. అదే దేశం 1950లలో కొన్ని ఇన్యూట్ కుటుంబాలని అబద్ధపు హామీలతో ఇంకా ఉత్తరానికి, ఖాళీ దీవులకి తరలించింది. క్షమాపణ చెప్పింది 2010లో.

2018లో బ్రిటన్ ఆ రెండు ఓడలనీ కెనడాకి ఇచ్చేసింది. వాటిలోంచి తీస్తున్న వస్తువుల మీద ఇన్యూట్‌కి కూడా హక్కుంది. యోవా హేవెన్ వాళ్ళే వేసవిలో ఆ ఓడలకి కాపలా ఉంటున్నారు. మన మాటలో చెప్పాలంటే కనిపెట్టుకుని ఉంటున్నారు. లూయీ కమూకాక్ ఆ ఏడాదే చనిపోయాడు. ఆయన ఎక్కువ వెతికింది ఓడల కోసం కాదు, ఫ్రాంక్లిన్ సమాధి కోసం. దీవి ఉత్తరపు వైపు ఎక్కడో, రాళ్ళతో కప్పిన చోటు ఒకటుందని పెద్దవాళ్ళు చెప్పిన మాటలు ఆయన పుస్తకాల్లో ఉన్నాయి. ఆ సమాధి ఇంకా దొరకలేదు.